గొలుసు ప్రార్థన

మా సంఘంలో ఏ కబురైనా నలుగురికీ తెలియాలంటే చాటింపు వేయించనక్కర్లేదు. ఆదివారం ఆరాధన చివర లేచి నిలబడి ప్రార్థన మనవి చేస్తే చాలు. మధ్యాహ్నం భోజనాల వేళకు అది మా కాడుగోడి దాటి పక్క ఊరు హొసకోటె దాకా పోతుంది. పుట్టినప్పటినుంచీ ఆ సంఘంలోనే ఉన్నవాణ్ణి, ఈ సంగతి నాకు తెలియక కాదు. కానీ ఆ ఏడు, అంటే రెండువేల నాలుగులో, శ్రమకాలం మొదలయ్యేసరికే నేను బాగా అలిసిపోయి ఉన్నాను. అలిసిపోయినవాడు తల్లి అడిగితే ఏదైనా చెప్పేస్తాడు.

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను మేం శ్రమకాలం అంటాం. ఇంటింటా ప్రార్థన కూటాలు, మాంసం మానేయడాలు, పిల్లలు చాక్లెట్లు మానేయడాలు. నాకైతే అంతకు రెండేళ్ల ముందునుంచే శ్రమకాలం నడుస్తోంది. పెద్దపేగు నిండా బొడిపెలు లేచి, వాటిలో ఒకటి క్యాన్సరైతే, డాక్టర్లు పేగంతా తీసేసి చిన్నపేగును కిందికి కలిపి కుట్టారు. ప్రాణం దక్కింది. రోజుకు ఆరేడుసార్లు లెట్రిన్‌కు పరుగెత్తే ఉద్యోగం అదనంగా వచ్చింది. హొసకోటెలో నేను పనిచేసే ఫ్యాక్టరీ స్టోర్సులో నా బల్లను తలుపు పక్కకు జరిపారు, పుణ్యాత్ములు.

మా నాన్న కడుపు జబ్బుతోనే పోయాడు, నడివయసు రాకుండానే. మా అక్క శాంతి ముప్పై ఆరేళ్లకు అలాగే పోయింది. మేం దాన్ని మా ఖర్మ అనుకుని ఊరుకున్నాం. నాకు వైద్యం చేసే డాక్టర్ ఫాతిమా ఊరుకోలేదు. ఇది రక్తంతో దిగే జబ్బని చెప్పి, నా రక్తం తీసి, దేశంలో ఎక్కడో ఒకటి రెండు చోట్లే చేసే పరీక్షకు పంపింది. నెలలు గడిచాయి. నేను ఆ సంగతి మరిచిపోయినట్టే ఉన్నాను. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం మర్నాడు మమ్మల్ని రమ్మని కబురు పెట్టింది.

ఆమెది కడప. పెద్ద చదువులు చదివినా మాట మాత్రం కడప మాటే.

"దొరికింది దేవదానం గారూ," అంది. "మీ రక్తంలో లోపం ఎక్కడుండాదో తెలిసిపోయింది. ఇప్పుడు పిల్లలకు అదే చోట చూస్తే చాలు. ఉందో లేదో కచ్చితంగా చెప్పేయొచ్చు."

"చూడకపోతే ఏమైతాది మేడమ్?" అన్నాను.

"చూడకపోతే ఇద్దరికీ ఏటేటా స్కోపీ చెయ్యాల. కిందనుంచి కెమెరా పైపు పెట్టి చూడటం, మీకు తెలుసు కదా. ఇప్పటినుంచే మొదలుపెట్టాల. రక్తం చూస్తే, లేని బిడ్డని వదిలేయొచ్చు. ఆ బిడ్డ జన్మలో ఈ పైపుల జోలికి రానక్కర్లేదు."

"ఉన్న బిడ్డ?"

"ఉన్న బిడ్డని కనిపెట్టుకుని ఉంటాం. బొడిపెలు ఎక్కువైతే, అది క్యాన్సర్ కాకముందే ఆపరేషన్ చేసేస్తాం. మీ మాదిరి లేటు కానియ్యం."

"పద్దెనిమిది నిండినాక వాళ్లే చూసుకుంటారు లేమ్మా."

"వేరే జబ్బయితే నేనే ఆగమంటా. పెద్దయినాక వచ్చేవి పిల్లల్లో చూడం. ఇది చిన్నప్పుడే మొదలవుతాది, అదీ తంటా."

పక్కన నా భార్య ప్రమీల కూర్చుని ఉంది. ఆమె స్టాఫ్ నర్సు. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆసుపత్రిలో పదేళ్లుగా డ్యూటీ చేస్తోంది. "ఒక్కో బిడ్డకు హాఫ్ చాన్సు కదా మేడమ్?" అని మాత్రం అడిగింది. సగానికి సగం, అంది ఫాతిమా.

తిరుగు బస్సులో ప్రమీలకు సీటు దొరికింది. నేను ఆమె పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

"చేపిద్దామండీ," అంది.

"తొందరేముంది."

"తొందర కాదు, లేటవుతాండాది."

"పదమూడేళ్ల పిల్ల లిడియా. కెవిన్‌కు పదకొండు. నీ కడుపులో ఫలానాది ఉండాదని చెప్పి, పోయి హోమ్‌వర్క్ చేసుకోమంటావా వాళ్లని? నాకు ముప్పై ఎనిమిదేళ్ల దాకా తెలీదు ప్రమీలా. ఆ ముప్పై ఎనిమిదేళ్లు నేను సుఖంగా బతికినా. ఆ సుఖం వాళ్లకు లేకుండా చెయ్యమంటావా?"

"మీ అక్క కూడా అట్లే సుఖంగా బతికింది," అంది ప్రమీల. "ముప్పై ఆరేళ్లు."

ఆమె అన్నది నిజమే. నేనన్నదీ నిజమే. రెండు నిజాలు ఒకే ఇంట్లో ఉంటే నిద్ర పట్టదు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ రూతమ్మ వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మొగుణ్ణీ కూతుర్నీ ఒకే జబ్బుకు ఇచ్చుకున్న మనిషి. ప్రమీల నైట్ డ్యూటీకని తయారవడానికి లోపలికి పోయింది. నేను చెప్పులు విప్పి పక్కన కూలబడ్డాను.

"ఏమంటాదిరా డాక్టరమ్మ?"

ఏమీ లేదు అనాల్సింది. ఓపిక లేక ఉన్నదంతా చెప్పేశాను. పిల్లలకు రక్తం చూడమంటోందనీ, సగానికి సగం అవకాశమనీ. అమ్మ గింజ తీయడం ఆపి ఆలోచించింది.

"సగానికి సగమంటే, ఇద్దరు బిడ్డల్లో ఒకరికన్నమాట."

నిజానికి నా బుర్రలోనూ ఆ లెక్క అలాగే పడి ఉంది. అందుకే దిద్దలేదు. ప్రమీల ఉండుంటే దిద్దేది.

"అట్లయితే ఆడబిడ్డకు వద్దురా," అంది అమ్మ గొంతు తగ్గించి. "రేపు సంబంధాలకు అడ్డమొస్తాది. పిల్లోనికి చేపిచ్చు. వానికి ఉంటే, దీనికి లేనట్లే. వానికి లేకుంటే, దీనికుండాదని మనకు తెలిసిపోతాది. ఒక్క సూదితో ఇద్దరి సంగతీ తేలిపోతాది."

"చేపిచ్చేదే లేదు," అన్నాను. "నువ్వు మటుకు ఎవరికీ చెప్పొద్దు."

"నాకేం పనిరా చెప్పేదానికి," అంది. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతీ నాకు తెలుసు.

ఆదివారం ఆరాధనలో నేనెప్పుడూ వెనక తలుపు దగ్గరే కూర్చుంటాను, నా అవసరం నాది. ప్రసంగం చివర్లో లేచి బయటికి పోవాల్సి వచ్చింది. ప్రమీల డ్యూటీలో ఉంది. పిల్లలిద్దరూ పక్క షెడ్డులో సండే స్కూల్లో ఉన్నారు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అంది. తర్వాత ఒక్కొక్క తలా వెనక్కి తిరిగి నన్ను చూసింది. అమ్మ ఇంకా నిలబడే ఉంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పేరు చెప్పలేదురా," అంది అమ్మ దారిలో. "మా ఇంట్లో ఇద్దరు బిడ్డలు అన్నా, అంతే."

"మన ఇంట్లో ఎంతమంది బిడ్డలుండారమ్మా?"

పాపం, ఆమెను మాత్రం ఏమనాలి? బాధ వస్తే డాక్టరు దగ్గరికి పోవడం ప్రమీలకు అలవాటు, ఫ్యాక్టరీకి పోవడం నాకు అలవాటు. ప్రార్థన మనవి చేయడం ఆమెకు అలవాటు. ముగ్గురిలో ఎవరి అలవాటూ ఆ జబ్బును ఆపలేదు.

ప్రమీల మటుకు అత్తను పల్లెత్తు మాట అనలేదు. నన్నే అంది. "బిడ్డలకు చెప్పకూడదంటారు. చెప్పినారు కదా, ఊరంతటికీ! ఇంక వాళ్లిద్దరికే చెప్పాల్సింది."

ఆ తర్వాతి వారాల్లో మా ఇంటికి రాని మందు లేదు. ఒకావిడ గరిక రసం తెచ్చింది. ఇంకొకావిడ బొప్పాయి ఆకులు పంపింది. స్టోర్సులో నా కింద పనిచేసే సొన్నప్ప కూడా, మా సంఘంలోనే ఉన్న వాళ్లత్త చెప్పగా విని, తుమకూరు దగ్గర ఎవరో నాటువైద్యుడు ఉన్నాడని చెప్పాడు. "సుమ్నే, ఊరికే ఒకసారి చూపించప్పా, పోయేదేముండాది" అన్నాడు. నాకు కోపం రావాలి, కానీ కోపానికి కూడా ఓపిక కావాలి. అందరికీ సరేనన్నాను.

అందరికంటే ఎక్కువగా నన్ను బేజారు పెట్టింది వాళ్ల ప్రేమే. ఆరాధన అయ్యాక గుడి దగ్గర కెవిన్ కనిపిస్తే చాలు, దగ్గరికి లాక్కుని తల నిమిరేవారు. "కడుపులో నొప్పేమన్నా ఉందా నాయనా" అని అడిగేవారు. వాడు క్రికెట్ ఆడే తొందరలో ఉండేవాడు, లేదాంటీ అని విదిలించుకుని పరుగెత్తేవాడు. లిడియా అలా కాదు. ఎవరు ఏం అడిగారో, ఎలా చూశారో అన్నీ గమనించుకుంటుంది. తల్లి పోలిక. ఒక రోజు నా చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది.

"డాడీ, అందరూ మమ్మల్ని ఎందుకట్ల చూస్తాండారు?"

"శ్రమకాలం కదమ్మా, అందరికీ జాలి పుట్టుకొస్తాది."

అది నవ్వలేదు. చొక్కా మడతపెట్టి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ ఏడు అది ఏం మానేసిందో కూడా చెప్పలేదు. ఏటా చాక్లెట్లు మానేసి, నలభై రోజులూ దాని గురించే మాట్లాడే పిల్ల.

వంటింట్లో నేనూ ప్రమీలా గుసగుసల్లో పోట్లాడుకుంటూనే ఉన్నాం. తను చేపిద్దామంటుంది, నేను చూద్దామంటాను. నా భయం ఏమిటో అప్పట్లో నాకే సరిగ్గా తెలియదు. పిల్లల సుఖం గురించని నాకు నేను చెప్పుకున్నాను. కొంత అదే. కానీ అసలు భయం వేరే. పరీక్ష చేస్తే, నేను నా బిడ్డకు ఏమిచ్చానో కాగితం మీద రాసి చేతికిస్తారు. అది చదివి నేను బతకాలి.

ఈస్టరు ముందరి మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, కూటం మా ఇంటి వంతు వచ్చింది. గుడి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాం, చాలనివాళ్లకు చాపలు పరిచాం. అమ్మ రవ్వ ఉండలు చేసింది. పొద్దు వాలే వేళకు ఇరవై మంది దాకా వచ్చారు. మా పాస్టరు జయరాజు అయ్యగారు మంచి మనిషి, ప్రసంగం చిన్నదిగా చెబుతాడు. ఆ సాయంత్రం కూడా చిన్నదే చెప్పి, గొలుసు ప్రార్థన చేద్దామన్నాడు.

గొలుసు ప్రార్థన అంటే గుండ్రంగా కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. ఒకరు ముగించగానే అందరూ ఆమేన్ అంటారు, వెంటనే పక్కవాళ్లు అందుకుంటారు. మధ్యలో గొలుసు తెగకూడదు. చిన్నప్పటినుంచీ చేసి చేసి మాకు ఎంత అలవాటంటే, లోపల మనసు ఎక్కడ తిరుగుతున్నా "యేసు నామమున" అని వినబడగానే నోరు దానంతటదే ఆమేన్ అనేస్తుంది.

అయ్యగారితో మొదలైంది. ఎవరో కొడుకు ఉద్యోగం గురించి అడిగారు, ఎవరో కోడలి కాన్పు గురించి. ఆమేన్, ఆమేన్. మా అమ్మ అందరికంటే పొడవుగా ప్రార్థించింది. నేను నా వంతుకు మామూలుగా ఏవో నాలుగు ముక్కలు చెప్పి, ఎవరికీ చెప్పకుండా లెట్రిన్‌కు పోయి రావచ్చా అని ఆలోచిస్తున్నాను. ప్రమీల ప్రార్థించింది. తర్వాత లిడియా వంతు.

"పరలోకమందున్న మా తండ్రీ, నీకు స్తోత్రం," అని మొదలుపెట్టింది. పిల్లలకు నేర్పిన వరసలోనే, పరీక్షల ముందు చదివే గొంతుతోనే. "ఆ జబ్బు ఇద్దరిలో ఒకరికేనంట కదా ప్రభువా. అది నాకే ఉండనీ. కెవిన్‌కు వద్దు. వాడు చిన్నోడు, సూదికే ఏడుస్తాడు. నేను ఓర్చుకుంటా. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ."

"ఆమేన్," అంది గది.

అందరూ అన్నారు. అయ్యగారు అన్నాడు, మా అమ్మ అంది. నేనూ అన్నాను. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట నా చెవులతోనే విన్నాను.

తర్వాత కెవిన్ వంతు. వాడు ప్రార్థించలేదు.

"ఏం జబ్బక్కా?" అన్నాడు.

నేను కళ్లు తెరిచాను. అందరూ తెరిచారు. వాడు అక్కవైపు తిరిగి జవాబు కోసం చూస్తున్నాడు. లిడియా మాత్రం కళ్లు ఇంకా గట్టిగా మూసుకునే ఉంది. అయ్యగారే గబగబా పాట అందుకున్నాడు, తలా ఒక శ్రుతిలో కలిశారు. ప్రమీల లేచి వంటింట్లోకి పోయింది. టీ గ్లాసుల చప్పుడు పాటకంటే గట్టిగా వినబడింది.

అందరూ వెళ్లాక గేటు దగ్గర అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను ఆమేన్ అనకుండా ఉండాల్సింది బ్రదర్. వినలేదు నేను. అలవాటు."

"నేనూ అన్నా అయ్యగారూ," అన్నాను.

మర్నాడు ఉదయం లిడియాను కూరగాయలకని స్టేషన్ దగ్గరి సంతకు తీసుకుపోయాను. సంచి దానిచేతికిచ్చి టమాటాలు ఏరుతూ అడిగాను, ఎదురుగా చూసి అడిగే ధైర్యం లేక.

"ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"అవ్వ మీతో చెప్తాంటే విన్నా. ఇద్దరిలో ఒకరికని. నాకుంటే వాడికి ఉండదు కదా డాడీ. లెక్క అంతే కదా."

"అందుకని నీకు కావాలని అడుగుతావా?"

"మీరు చేపించడం లేదు కదా," అంది. "మీరు చేపించి ఉంటే ఎవరికో తెలిసిపోయేది. తెలీలేదు కాబట్టి, ఇంకా ఏదీ ఖాయం కాలేదేమో అనుకున్నా. ఖాయం కాకముందే అడగాల కదా. అందుకే శ్రమకాలం మొదలైనకాడ్నుంచి రోజూ అడుగుతాండా."

నా చేతిలో టమాటా నలిగిపోయింది. అమ్మేవాడు కన్నడంలో ఏదో గొణిగాడు, దాన్ని కూడా తూకంలో వేయించుకున్నాను. పిల్లలు సుఖంగా ఉండాలని నేను చెప్పకుండా దాచాను. ఆ దాచిన చీకట్లో నా కూతురు ఒంటరిగా కూర్చుని, రోజూ దేవుణ్ణి జబ్బు అడుక్కుంటోంది. ఇంతకన్నా ఘోరమైన మాట ఏ కాగితం మీద రాసి ఇవ్వగలరు? ఇంటికి వచ్చి, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ప్రమీలతో సోమవారం సెలవు పెట్టమన్నాను. ఎందుకో ఆమెకు అర్థమైంది. సంచిలో చెయ్యి పెట్టి నలిగిన టమాటా తీసి పక్కన పెట్టింది.

సోమవారం ఫాతిమా పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మమ్మల్ని గోడవారకు పొమ్మంది.

"ఇద్దరిలో ఒకరికని మీకెవరు చెప్పినారో కానీ, తప్పు," అంది. "లిడియా, నువ్వు పుట్టేటప్పుడు ఒకసారి చీటీ తీసినారనుకో. దాంట్లో ఉందో లేదో రాసుంటాది. కెవిన్ పుట్టేటప్పుడు ఆ చీటీలు మళ్లీ కలిపేసి ఇంకోసారి తీసినారు. నీ చీటీకి వాని చీటీకి సంబంధం లేదు."

"అయితే నాకున్నా వాడికి ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"ఇద్దరికీ లేకపోవచ్చా?"

"అది కూడా కావచ్చు తల్లీ."

అప్పుడు ఏడ్చింది లిడియా. జబ్బు గురించి కాదు. అన్ని రోజులు తను చేసిన బేరం ఎక్కడా చెల్లదని తెలిసి ఏడ్చింది. ఫాతిమా ఏడవనిచ్చింది. తర్వాత ఇద్దరినీ వేరువేరుగా అడిగింది, మీకు తెలుసుకోవాలని ఉందా అని. లిడియా ఊఁ అంది. కెవిన్ మటుకు, "ఒక్క సూదే కదా?" అని రెండుసార్లు ఖాయం చేసుకుని చెయ్యి చాపాడు. ఏడవలేదు. అక్క అన్న మాట వాడికి ఇంకా గుచ్చుకుంటోందని నాకు అర్థమైంది.

ఈస్టరు వచ్చింది, పోయింది. ఎండలు ముదిరాయి. ఓట్ల మైకులు ఊరంతా తిరిగి అలిసిపోయాయి. మే నెల సగం గడిచాక ఫలితం వచ్చింది.

లిడియాకు లేదు. కెవిన్‌కు ఉంది.

ఫాతిమా మెల్లగా చెప్పింది, కళ్లలోకి చూసి చెప్పింది. కెవిన్ అడిగింది ఒక్కటే.

"స్కోపీ సెలవుల్లో చేస్తారా, స్కూలప్పుడా?"

"సెలవుల్లోనే. ఈ నెలాఖరుకే మొదటిసారి చూద్దాం."

"స్కూలప్పుడు చేస్తే బాగుండు," అన్నాడు దిగాలుగా.

వాడు పుట్టినప్పటినుంచీ అందరూ అచ్చం దేవదానమే అనేవారు. అవే చెవులు, అదే నడక. ఆ మాట విన్నప్పుడల్లా నేను పొంగిపోయేవాణ్ణి. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ, ముందు నడుస్తున్న వాడి చెవులు చూసి నాకు దుఃఖం ఆగలేదు. ప్రమీల నా చెయ్యి పట్టుకుంది. నర్సు చెయ్యి, గట్టిగా పట్టుకుంటుంది. "తెలిసింది కదండీ. వీడు మీ అక్క మాదిరి పోడు. పోనియ్యను," అంది. ఆ ఒక్క మాట మీద నేను ఇన్నేళ్లు నడిచాను.

లిడియా బస్సులో మాకు దూరంగా పోయి కూర్చుంది. ఇంటికొచ్చాక అమ్మ చేతులు జోడించి, "ఒక బిడ్డనైనా వదిలినాడు, స్తోత్రం ప్రభువా" అంది.

"స్తోత్రం చెప్పొద్దవ్వా," అంది లిడియా. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత అది గుడికి రాలేదు. తల నొప్పి అంది ఒక వారం, కడుపు నొప్పి అంది ఇంకో వారం. ఆ ఇంట్లో కడుపు నొప్పి అనే మాట ఎంత బరువో దానికి తెలుసు, అయినా అంది. నేను బలవంతం చేయలేదు. అయ్యగారు ఒకసారి వచ్చి కూర్చుని, దానితో ఏమీ మాట్లాడకుండా టీ తాగి వెళ్లాడు. అందుకు ఆయనంటే నాకు ఇంకా గౌరవం. తమ్ముడితో కూడా మాటలు తగ్గించేసింది. వాడు క్యారమ్స్‌కు పిలిస్తే పోదు. జబ్బున్నవాడు మామూలుగా తిరుగుతున్నాడు, లేని పిల్ల మంచం పట్టినట్టు ఉంది.

నెలాఖరున స్కోపీకి ముందురోజు మధ్యాహ్నం. కడుపు కడగడానికి పెద్ద జగ్గులో మందు కలిపింది ప్రమీల. ఆ మందు నాకు బాగా తెలుసు. ఉప్పగా, జిడ్డుగా, ఎంత తాగినా జగ్గులో తరగనట్టే ఉంటుంది. కెవిన్ రెండు గుక్కలు తాగి సింకులో ఉమ్మేశాడు.

"నేను తాగను."

"తాగాల నాన్నా. కడుపు క్లీన్ కాకపోతే డాక్టరమ్మకు ఏమీ కనపడదు," అంది ప్రమీల.

"కనపడకపోతే పోనీ!"

ముక్కు మూసుకుని తాగమన్నాను. నేనూ తాగినాన్రా అన్నాను. అమ్మ చక్కెర చేత్తో పట్టుకుని నిలబడింది. ప్రమీల గొంతు నర్సు గొంతులోకి మారింది, తర్వాత మళ్లీ తల్లి గొంతులోకి వచ్చింది. వాడు నేలమీద కూర్చుని, గోడకు తల ఆనించి, మొదటిసారి ఏడవడం మొదలుపెట్టాడు. సూదికి ఏడవనివాడు, ఫలితానికి ఏడవనివాడు.

గదిలోంచి లిడియా వచ్చింది. స్టీలు గ్లాసు తీసుకుని, జగ్గులోంచి నిండా వంచుకుని, నిలబడి గటగటా తాగేసింది. మొహమంతా వికారంగా ముడుచుకుంది.

"ఛీ," అంది. "డ్రైనేజీ నీళ్ల మాదిరి ఉండాది."

కెవిన్ ఏడుపు ఆపి చూశాడు. "నీకెందుకక్కా? నీకు లేదు కదా."

"నోరు మూసుకుని తాగు. నీకొకటి, నాకొకటి."

ప్రమీల ఆపబోయింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. రెండు గ్లాసులకు ఆ పిల్లకేమీ కాదని నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె కూడా ఇక కదల్లేదు. కెవిన్ గ్లాసు అందుకుని, అక్క కళ్లలోకే చూస్తూ, మధ్యలో ఆపకుండా తాగాడు. తర్వాత లిడియా తాగింది, తర్వాత వాడు. అప్పుడు ప్రమీల లిడియా గ్లాసు లాక్కుని, "సాకు, చాలు. ఇంక నువ్వు మజ్జిగ తాగు" అంది. మిగతాది కెవిన్ ఒక్కడే తాగాడు. పక్కనే కూర్చుని లిడియా ప్రతి గ్లాసుకూ "ఊఁ, ఇంకా, ఇంకా" అంటూనే ఉంది.

మా ఇంట్లో లెట్రిన్ ఒక్కటే. మందు పనిచేయడం మొదలుపెట్టేసరికి లిడియా ముందు లోపలికి దూరి గడియ పెట్టుకుంది. కెవిన్ కడుపు పట్టుకుని, కాళ్లు మార్చి మార్చి తొక్కుతూ తలుపు బాదాడు.

"అక్కా, రా బయటికి! జబ్బు నాకుండాది, నీకు కాదు! నేనే ముందు!"

లోపలినుంచి లిడియా నవ్వు వినబడింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక. ఫలితం వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. కెవిన్ కూడా తలుపు మీద నుదురు ఆనించి నవ్వుతున్నాడు. ప్రమీల వంటింటి గడప మీద కూర్చుండిపోయి, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకూ వేళయింది. పోయి కెవిన్ వెనక వరుసలో నిలబడ్డాను.